ఆదివారం కరెంటు

పోయిన వారం మీరు నన్ను డయాలిసిస్ సెంటర్ మెట్ల కింద వదిలిపెట్టారు. చేతిలో నా ఎనిమిదో దరఖాస్తు ఉంది. టైం పదకొండు కావస్తోంది. బయట ఎండ నలభై ఆరు డిగ్రీలు.

కోరుట్లలో గల్ఫ్ నుంచి తిరిగి వచ్చినవాళ్లు చందాలు వేసుకుని పెట్టుకున్న సెంటర్ అది. ఐదు మిషన్లు ఉన్నాయి. అక్కడి ఎండలో పనిచేసి కిడ్నీలు పోగొట్టుకున్నవాళ్ల కోసం మొదలుపెట్టారు. ఇప్పుడు ఇక్కడి ఎండలో పనిచేసి పోగొట్టుకున్నవాళ్లూ వస్తున్నారు. ఎండాకాలం వస్తే మనుషులు పెరుగుతారు, ఏసీల వాడకం పెరుగుతుంది, బిల్లు పెరుగుతుంది, మందుల డబ్బు కరెంటుకే పోతుంది. అందుకని ఏడాదిన్నర కింద పైకప్పు మీద సోలార్ ప్లేట్లు పెట్టించారు. బిల్లు తగ్గింది. మధ్యాహ్నం పూట కరెంటు పోయినా మిషన్లు ఆగకుండా బ్యాటరీలు వచ్చాయి. ఆ ధైర్యంతో మూడో షిఫ్టు మొదలుపెట్టారు.

నా భార్య శ్రీలత ఆ షిఫ్టులోనే ఉండేది. నిరుడు మే నెలలో, బ్యాటరీలు నిండటం లేదని ఆ షిఫ్టు ఆపేశారు. ఆమెను కరీంనగర్ తీసుకుపోవడం మొదలుపెట్టాను. మూడో ప్రయాణంలో, మల్యాల దాటాక, ఆమె నా భుజం మీద తల పెట్టింది. అంతవరకు మీకు చెప్పి ఉన్నాను. మళ్లీ చెప్పను.

వానలు పడి ఏసీల వాడకం తగ్గాక షిఫ్టు తిరిగి మొదలైంది. ఈ ఏప్రిల్‌లో మళ్లీ ఆగింది. ప్లేట్లు నాసిరకమని, వేసినవాడు మోసం చేశాడని నేను ఏడాదిగా జగిత్యాలలో ఆఫీసుల మెట్లు ఎక్కి దిగుతున్నాను. ఒక ఆఫీసులో “ఇది రోగాల సంగతి, మాది కాదు” అన్నారు. ఇంకో ఆఫీసులో “రోగాల సంగతి మాదే గాని ఇది కరెంటు సంగతి” అన్నారు. మూడో ఆఫీసులో నా మాట పూర్తిగా విన్నారు. విన్నాక, ఆ రెండు ఆఫీసుల్లో ఇచ్చిన దరఖాస్తుల జిరాక్సులు తెమ్మన్నారు.

ఆ రోజు బుధవారం. సాయంత్రం నాలుగు గంటలకు సెంటర్ కమిటీ కూర్చుంటుంది. ప్లేట్లు పీకేసి పైకప్పును సెల్ టవర్ కంపెనీకి కిరాయికి ఇవ్వాలా వద్దా అన్నది తేలుతుంది. ఇస్తే మూడో షిఫ్టు ఇక ఉండదు.

మెట్ల పక్క బెంచీ మీద తిరుపతి కూర్చుని ఉన్నాడు. మేడిపల్లి దగ్గరి పల్లె అతనిది. కువైట్‌లో పన్నెండేళ్లు భవనాల మీద ఇనుప చువ్వలు కట్టాడు. వయసు నలభై ఒకటి. మూడో షిఫ్టులో రెండో నంబరు మిషన్ అతనిది. పాదాలు ఉబ్బి చెప్పులు పట్టక, వాటిని విడిచి పక్కన పెట్టుకున్నాడు. నీళ్లు కొలిచి తాగాలి కాబట్టి బుగ్గలో ఒక ఐసు ముక్క పెట్టుకుని దాన్ని కరగనిస్తున్నాడు.

“డయాలిసిస్ అయి ఎన్ని రోజులైంది తిరుపతీ?”

“ఇయ్యాల్టికి నాలుగు రోజులు సార్. మొన్న కరీంనగర్ పోయిన. బెడ్డు ఖాళీ లేదన్నరు. కారు కిరాయి వెట్టుకోని పోయి, ఆ ఊరు గాలి వీల్సుకోని అచ్చిన.”

“తిండి జాగ్రత్తగ తింటున్నవా?”

“డాక్టరు చీటి రాసిచ్చిండు. తినొద్దన్నయి మూరెడున్నయి. తినుమన్నయి నాలుగే. ఆ నాలుగు మా ఇంట్ల దొరుకయి.” ఐసు ముక్కను అటు బుగ్గ నుంచి ఇటు బుగ్గకు మార్చుకున్నాడు. “నాలుగింటికి జర గట్టిగ మాట్లాడుండ్రి సార్. నేనే మాట్లాడుదునుగని ఆయాసమస్తాంది.”

గట్టిగా మాట్లాడతానని చెప్పాను. దరఖాస్తు నాలుగు పేజీలుంది. గట్టిగానే రాశాను.

అప్పుడే కమిటీ ప్రెసిడెంటు హన్మాండ్లు లోపలికి వచ్చాడు. దుబాయిలో ఇరవై ఏళ్లు క్రేన్ నడిపిన మనిషి. ఈ సెంటర్‌కు అందరికంటే ముందు చందా రాసింది ఆయనే. మంచివాడే. ఆయనతో నా ఇబ్బంది వేరు.

“సారూ, నాకొక్కటి సమజ్ గాదు,” అన్నాడు తువ్వాలతో మెడ తుడుచుకుంటూ. “మీరు సైన్స్ సారు గదా. రోడ్డు మీద కోడిగుడ్డు ఉడుకుతాంది. గింత ఎండుండంగ సోలార్‌కు కరెంటెందుకు రాదు? అది పెట్టిన చలికాలంల మంచిగనే వచ్చె. గది ఎండతోని నడిసేదా, మంచుతోని నడిసేదా?”

“వెలుతురుతోని నడుస్తది. వేడితోని కాదు. వేడి ఎక్కువైతె ప్లేటు జర మొద్దువడ్తది. అయినా ఇంత తగ్గదు.”

“మొన్న గూడ గిదే చెప్పిన్రు.”

“మొన్న గూడ మీరు గిదే అడిగిన్రు.”

ఆయన నవ్వి నా పక్కన కూర్చున్నాడు. “టవరోళ్లు నెలనెలా కిరాయి ఇస్తరు సారూ. ఎండున్నా ఇస్తరు, వానున్నా ఇస్తరు. గండ్లకెళ్లి సూదిమందులు కొనుక్కుందం.”

“మూడో షిఫ్టు?”

“కరెంటు లేంది షిఫ్టెక్కడిది? నిరుడు మందుల పైసలన్ని జనరేటర్ తాగింది. ఆఖరికి సూదుల కోసం మస్కట్ పిలగాండ్లను చందా అడిగితిమి. ఆళ్లు గా ఎండల నిలవడి సంపాయించి మనకు పంపుతరు. మనం డీజిల్ వోత్తం. మల్ల గదే జేద్దామా?”

తిరుపతి వింటున్నాడు. నా దగ్గర ఉన్న జవాబంతా ప్లేట్లు వేసిన రాజేందర్ మోసగాడన్నదే, అది నాలుగు పేజీల్లో ఉంది.

రాజేందర్ పదకొండుంపావుకు వచ్చాడు. సిరిసిల్ల నుంచి బండి మీద, ముఖానికి తడి తువ్వాల చుట్టుకుని. ఈ ప్లేట్లు పెట్టింది అతనే. నా దరఖాస్తుల మూలంగా అతని ఆఖరి బిల్లు ఆగిపోయింది. కోరుట్లలో, మెట్‌పల్లిలో ఆ తర్వాత ఎవరూ అతన్ని పిలవలేదు. ముప్పై నాలుగేళ్లవాడు, ఈ ఏడాదిలో చెంపలు నెరిశాయి.

“ఎనిమిదోది రాసిన్రా సార్?”

“రాసిన.”

“గండ్ల నా పేరెన్నిసార్లున్నది?”

దరఖాస్తును మడిచాను. నాలుగుసార్లుంది.

“మా నాయిన సాంచెల కాడ ముప్పయేండ్లు నిలవడ్డడు సార్,” అన్నాడు. సాంచెలంటే వాళ్ల ఊళ్లో మరమగ్గాలు. “రేకుల షెడ్డు. ఫ్యాను పెడితె పోగు తెగుతదని ఫ్యాను పెట్టరు. ఎండకాలమస్తె రెండుసార్లన్న సెలైన్ ఎక్కాలె. గా షెడ్డు మీద నేను ప్లేట్లేసిన. రేకుల మీద నీడవడ్డది. పోయిన ఎండకాలం మా నాయిన దవాఖాన మొకం జూడలే. గసొంటి పని చేసేటోన్ని నేను. మీరు నన్ను దొంగని రాసిన్రు.”

“లెక్కలు అట్లున్నయి.”

“లెక్కలే సూడుండ్రి.” ఫోన్ తీసి నా ముందు పెట్టాడు. ప్లేట్ల నుంచి రోజూ ఎంత కరెంటు వస్తుందో చూపే గీతలు. “ఇగో, ఇది ఆదివారం. పొద్దుగాల లేసి, పగటీలికి కొండ లెక్క నిలవడి, పొద్దుమీకి దిగింది. సక్కగున్నదా? ఇది సోమవారం. పది కొట్టంగనె కూలవడ్డది. మూడింటికి మల్ల లేసింది. మంగళవారం గంతే. బుధవారం గంతే. శనివారం దాంక గంతే. మల్ల ఆదివారం సక్కగ.”

ఆ గీతలు నేను చూశాను. ఐదో దరఖాస్తులో వాటి గురించే రాశాను. వారంలో ఒకరోజు బాగుపడి ఆరు రోజులు చెడిపోయే యంత్రం ఎక్కడా ఉండదు, కనుక ఇవి తయారుచేసిన లెక్కలు అని. ఆ వాక్యం రాసినప్పుడు నాకు నచ్చింది కూడా.

“మీరు పైకెక్కి సూసిన్రా సార్?”

“నాలుగుసార్లు. నువ్వు మనిషిని పంపినప్పుడల్లా.”

“ఏనాడు?”

“ఆదివారం. నాకు సెలవు. ఇక్కడ గూడ పేషెంట్లుండరు, ఇబ్బంది ఉండదని హన్మాండ్లన్ననే ఆదివారం రమ్మన్నడు.”

“మరి నేనే అచ్చింది ఏనాడు?”

“ఆదివారమే.”

ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. హన్మాండ్లు తువ్వాలతో విసురుకోవడం ఆపాడు.

“ఇయ్యాల బుధవారం,” అన్నాడు రాజేందర్. అప్పటికే మెట్ల వైపు నడుస్తున్నాడు.

ఆయాసం లేనివాళ్లం ఇద్దరమే ఎక్కాం. పైన తలుపు గొలుసు తీసే ఉంది. రాజేందర్ ముందు అడుగుపెట్టి, అక్కడే నిలబడిపోయాడు. అతని భుజం మీదుగా చూశాను.

ముందు వరుస ప్లేట్లు కనబడటం లేదు. వాటి మీద లేత ఆకుపచ్చ దుప్పట్లు పరిచి ఉన్నాయి, మంచాల మీద పరిచినట్టే, ముడత లేకుండా. గాలికి లేవకుండా మూలలకు ఇటుక ముక్కలు పెట్టారు. రెండో వరుసలో దిండు గలేబులు, డాక్టరు తెల్లకోటు. చివరి ప్లేటు మీద ఒక పాత చీర ముక్క పరిచి, మజ్జిగలో నానేసిన సల్ల మిరపకాయలు ఎండబెట్టారు.

రాజేందర్ పిట్టగోడ మీద కూలబడ్డాడు. “సార్,” అన్నాడు. “ఒక్క ప్లేటు మీద నీడవడితె…”

“తెలుసు,” అన్నాను.

ఇరవై రెండేళ్లుగా పదో తరగతికి ఆ పాఠం చెబుతున్నాను. పెళ్లి పందిరికి కట్టే చిన్న బల్బుల దండ క్లాసుకు తీసుకుపోతాను. ఒక బల్బు పీకుతాను. దండ మొత్తం ఆరిపోతుంది. పిల్లలు అబ్బో అంటారు. వరుసలో ఒకటి అడ్డుపడితే మిగతావన్నీ దాని వెనక ఆగిపోతాయని చెప్పి, రాసుకోమంటాను. ఆ పాఠం చెప్పే నేను ఒక్క పనిదినం నాడూ ఈ మెట్లు ఎక్కలేదు.

రాజేందర్ లేచి దుప్పట్లు ఒక్కొక్కటే లాగడం మొదలుపెట్టాడు. నన్ను ఫోన్ పట్టుకోమన్నాడు. అందులో కిలోవాట్ల అంకె పెరుగుతోంది. రెండున్నర. మూడుంపావు. ఐదు. రెండో వరుస ఖాళీ అయ్యేసరికి ఎనిమిది దాటింది. సల్ల మిరపకాయలు తీశాక ఇంకొంచెం పెరిగింది.

“ఓ పిలగా, ఏం జేత్తున్నవ్? గవి ఇంక పచ్చిగున్నయి.”

మెట్ల తలుపు దగ్గర భూమవ్వ నిలబడి ఉంది, చంకన తడి బట్టల బకెట్‌తో. సెంటర్ తెరిచిన నాటి నుంచి ఊడ్చేది, తుడిచేది, దుప్పట్లు ఉతికేది ఆమే. అరవై దాటాయి. అక్కడ ఆమె మాట అందరూ వింటారు, హన్మాండ్లుతో సహా.

“అవ్వా, ఇవి బట్టలారేసేటియి గావు,” అన్నాడు రాజేందర్.

“మరేంటియి? ఎండకు వెట్టిన అద్దాలే గదా. నా బట్టలు నాకు ఆర్తయి, నీ కరెంటు నీకస్తది. ఎండేమన్న పిడికెడున్నదా, ఇద్దరం పంచుకుంటె ఒడిసిపోను?”

రాజేందర్ నా వైపు చూశాడు, జవాబు చెప్పమన్నట్టు. హన్మాండ్లుకు మూడుసార్లు చెప్పి విఫలమైనవాణ్ని, నాలుగోసారి ప్రయత్నించలేదు.

“దండేలు ఉండె గదా భూమవ్వా ఇక్కడ?”

“ఉండె. గీ అద్దాలు వెట్టిననాడే ఈ పిలగాని మనుషులు కోసి అవుతల వారేసిరి. మల్ల కట్టుమని పెసిడెంటుకు జెప్పిన. చూద్దాం తియ్ అన్నడు. డాక్టరుకు జెప్పిన. పెసిడెంటుకు చెప్పుమన్నడు. ఇంకెవలకు జెప్పాలె?”

రాజేందర్ తల దించుకున్నాడు. నేను కూడా ఎక్కడ చూడాలో తెలియక చేతిలోని కాగితాల వైపు చూశాను. దండెం కట్టడానికి రెండు మేకులు, ఇరవై గజాల తాడు కావాలి. ఇన్ని లక్షల పనిలో ఎవరూ దాన్ని రాసుకోలేదు. నా ఏడు దరఖాస్తుల్లో, ఈ ఎనిమిదోదానిలో, తాడు అన్న మాట ఎక్కడా లేదు. దుప్పట్లు పైన ఆరతాయని కింద అందరికీ తెలుసు. ప్లేట్లు పైన ఉన్నాయని అందరికీ తెలుసు.

“ఇట్ల ఎప్పట్నించి పరుస్తున్నవ్?”

“నిరుడు చలికాలంకెళ్లి.”

“నీకు ఎవరు చెప్పిన్రు?”

భూమవ్వ బకెట్ కింద పెట్టింది. ఒక గలేబు తీసి, పిండకుండా, అలాగే పట్టుకుంది.

“ఎవలు జెప్తేంది సారూ.”

“చెప్పు భూమవ్వా.”

“నువ్వు బడిపిలగాండ్లను అడిగినట్టు అడుగుతవ్,” అంది. చేతిలోని గలేబును అప్పుడు పిండింది. “శ్రీలతమ్మ జెప్పింది.”

కింద ఎవరో ఆటో స్టార్ట్ చేస్తున్నారు. అది స్టార్ట్ కావడం లేదు.

“చలికాలం గదా,” అంది భూమవ్వ. “దండెం లేదాయె. వరండాల ఆరేత్తె దుప్పట్లు ముక్కవాసనత్తుండె. అమ్మకు గా మెడకాడి పైపుకు చీము వట్టి, చలిజ్వరమచ్చి, పది రోజులు దవాఖానల వడ్డది యాదికున్నదా? తిరిగచ్చినంక దుప్పటి మూర్కోని సూసింది. భూమవ్వా, పచ్చి దుప్పట్ల మీద పండవెడితె మనుషులు బతుకరే, గా అద్దాల మీద పరువుదాం దా, గడియల ఆర్తయి, ఎండకు పురుగు సస్తది అన్నది. ఆమె ఒక అంచు వట్టుకున్నది, నేనొక అంచు వట్టుకున్న.” ఆమె నా కళ్లలోకి చూసింది. “అన్నది తప్పు గాదు సారూ. గప్పట్నించి మన కాడ ఒక్కలకన్న చలిజ్వరమచ్చిందా? రిజిస్టర్ల సూసుకోపో.”

రాలేదు. రిజిస్టరు నాకు తెలుసు. ఆరో దరఖాస్తుకు నేనే జిరాక్సు జతచేశాను.

ఆటో స్టార్ట్ అయింది. వెళ్లిపోయింది. దుప్పట్లు పరిచారు. వాటి కింద కరెంటు పడిపోయింది. ఎండ ముదిరేసరికి మూడో షిఫ్టు ఆగింది. ఆ షిఫ్టులో ఎవరున్నారో మీకు తెలుసు. ఈ మాటలను ఈ వరుసలో పెట్టడానికి నాకు చాలాసేపు పట్టింది.

రాజేందర్ దగ్గరికి వచ్చాడు. గొంతు తగ్గించాడు. “సార్, ఎవలు జెప్పిన్రో నాకవసరం లేదు. నేను ఆ మాటెత్తను. కని ఎప్పట్నించి అన్నది మాత్రం కావాలె. నా గ్రాఫు మొదటిసారి కూలింది నిరుడు ఫిబ్రవరి ఎనిమిదినాడు. గానాటికెళ్లి దుప్పట్లున్నయని రుజువు జేస్తేనే ప్లేట్లు మంచియని నమ్ముతరు. లేకుంటె ఇయ్యాలొక్కనాడు ఏదో తిప్పి చూపించిండంటరు. మీరు ఏడుసార్లు రాసిపెట్టిన్రు గదా నేను దొంగనని.”

ఫిబ్రవరి ఎనిమిది. రెండో శనివారం. బడి లేదు.

నా ఫోన్‌లో పాత ఫోటోలు తెరిచి ఏడాది అయింది. వేలితో వెనక్కి జరుపుతూ పోయాను. నల్లబల్ల మీది లెక్కలు, దరఖాస్తుల మీద పడ్డ ముద్రలు, మళ్లీ దరఖాస్తులు. తర్వాత అది వచ్చింది.

నీలం స్వెటర్. మెడ దగ్గర తెల్ల పట్టీ. రెండు చేతులతో దుప్పటి అంచు పట్టుకుని ఉంది. అవతలి అంచు దగ్గర భూమవ్వ చేయి మాత్రం కనబడుతోంది. శ్రీలత విసుక్కుంటోంది, విసుక్కుంటూ నవ్వుతోంది. ఇగో, తొందరగ తియ్యి, చెయ్యి గుంజుతాంది అని ఆమె అన్నది గుర్తుంది. నేనేమన్నానో అప్పుడు గుర్తొచ్చింది. జర ఎడమకు జరుగు, ప్లేట్లు కనబడాలె అన్నాను. మా టీచర్ల గ్రూపులో పెట్టడానికి. పెట్టాను కూడా. కింద ‘మా సెంటర్‌లో సౌరశక్తి’ అని రాశాను. ముప్పై ఒక్కమంది బాగుందన్నారు. అందులో ఐదుగురు సైన్సు టీచర్లు.

భూమవ్వ నా పక్క నుంచి వంగి చూసింది. “అమ్మ మంచిగున్నది,” అంది. తర్వాత నా మణికట్టు పట్టుకుంది, తడి చేత్తో. “కింద ఆళ్లకు ఇది సూపియ్యకు సారూ. సచ్చిపోయినామెను పంచాయితిల నిలవెట్టద్దు.”

నాలుగు గంటలకు కమిటీ గదిలో ఐదుగురం కూర్చున్నాం. బల్ల మీద టవర్ కంపెనీ ఒప్పంద పత్రం ఉంది, దాని మీద బరువుకు ఒక బీపీ మిషన్. తిరుపతి గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు. కూర్చుంటే ఆయాసం ఎక్కువవుతోందట. భూమవ్వ అతని వెనక ఉంది.

రాజేందర్ బ్యాటరీ మీటరు చూపించాడు. ఎప్పుడూ ఆ వేళకు పావు కూడా నిండనివి సగం దాటాయి. హన్మాండ్లు అద్దాలు పెట్టుకుని చూశాడు.

“ఇయ్యాల వచ్చింది. సంతోషం. నిరుడు మే నెలల ఎందుకు రాలే?”

“దుప్పట్లున్నయి గనుక. పదిహేను నెలల సంది ప్లేట్ల మీద దుప్పట్లున్నయి.”

“ఎవలు పరిచిన్రు?”

“నేనే,” అంది భూమవ్వ గుమ్మంలోంచి.

“ఎవలు జెప్పిన్రు?”

“ఎవలు జెప్తరు? నా బుద్ధే.”

“ఎప్పట్నించి?”

ఆమె హన్మాండ్లును చూడలేదు, నన్ను చూసింది. ఆ చూపు ఎందుకో నాకు అర్థమయ్యేలోపే చెప్పేసింది. “ఈ ఎండకాలమే. ఉగాది అయినంక.”

రాజేందర్ కుర్చీలోంచి లేచాడు. “అవ్వా, పొద్దుగాల నిరుడు చలికాలమంటివి గదా?”

“నాకు నెలలు ఎర్కనా కొడుకా? ముసల్దాన్ని. ఉగాది అయినంకనే.”

నిరుడు చలికాలం అంటే శ్రీలత బతికి ఉన్న కాలం. ఈ ఉగాది అంటే ఆమె లేని కాలం. భూమవ్వ ఆమెను ఆ గదిలోంచి, ఆ పంచాయితీలోంచి బయటికి తీసుకుపోయింది. చదువు లేని మనిషి, అంత చక్కగా లెక్క వేసింది. ఆ లెక్క ఎవరి మీద పడుతుందో మాత్రం చూసుకోలేదు.

హన్మాండ్లు చూశాడు. “ఉగాది అయినంక పరిస్తె, నిరుటి సంగతేంది?” అన్నాడు రాజేందర్‌తో. కోపంగా కాదు, విసిగిపోయి. “నిరుడు మే నెలల షిఫ్టు బందువెట్టినం. గప్పుడు దుప్పట్లు లెవ్వు. అంటె నీ ప్లేట్లే సక్కగ లెవ్వు. భూమవ్వ తప్పు రెండు నెలలది. మిగిలిందంత నీది.”

“కాదు,” అన్నాడు రాజేందర్. అని, నా వైపు చూశాడు. మాటిచ్చినవాడు కనుక ఇంకేమీ అనలేదు.

గుమ్మంలో తిరుపతి చేయి మార్చి ఆనుకున్నాడు. బుగ్గలో ఐసు ముక్క ఎప్పుడో కరిగిపోయినట్టుంది, పెదాలు ఎండిపోయి ఉన్నాయి. అతని చూపు ఒప్పంద పత్రం మీద ఉంది. భూమవ్వ అతన్ని చూసింది, రాజేందర్‌ను చూసింది, తాను ఏదో పొరపాటు చేసినట్టు ఆమె మొహంలో మెల్లగా తెలుస్తోంది.

“ఇగ నా తోని గాదు,” అన్నాడు హన్మాండ్లు. “ఏడాది సంది గిదే ముచ్చట. సారూ, ఒక కాయితం తీసుకోండ్రి. రెండు ముక్కలు రాయుండ్రి. ఒకటి, భూమవ్వ రేపట్నించి పనికి రావద్దు. రెండు, టవరోళ్లకు పైకప్పు ఇచ్చెతందుకు కమిటీ ఒప్పుకున్నది. మీ చేతిరాత మంచిగుంటది. మేం సంతకాలు వెడ్తం.”

ఎవరో తెల్లకాగితం నా ముందుకు జరిపారు. నా ఎనిమిదో దరఖాస్తును తిరగేసి పక్కన పెట్టాను. పెన్ను మూత తీశాను.

ఏ కాగితమైనా ముందు కుడిపక్క పైన తేదీ వేయాలని పిల్లలకు చెబుతాను. తేదీ లేని ఉత్తరం ఎవరికీ పనికిరాదని చెబుతాను. తేదీ వేశాను. దాని కింద గీత గీశాను. ఎడమ చేత్తో జేబులోంచి ఫోన్ తీసి, కాగితం పక్కన బోర్లా పెట్టాను.

హన్మాండ్లు అవతలి వైపు నుంచి మెడ సాచి తలకిందులుగా చదివాడు.

“సారూ, తారీఖు తప్పువడ్డది. ఇది నిరుడు ఫిబ్రవరి ఎనిమిది.”

“తప్పు వడలే,” అన్నాను.

గదిలో అందరూ కాగితం వైపు చూశారు. చదువు రాని భూమవ్వ ఒక్కతే ఫోన్ వైపు చూసింది. తిరుపతిని దాటుకుని లోపలికి వచ్చింది, తడి ఆరని చేయి ముందుకు చాపి.

“సారూ,” అంది. “వద్దు సారూ.”